జన్యు కత్తెర సరే, మడమ దగ్గర చుక్క రక్తం సంగతేంటి?

2025 నవంబర్‌లో 'బిర్సా 101' వార్త వచ్చింది. ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ వ్యాధికి మన దేశంలోనే జన్యు చికిత్స తయారైందనీ, అది ఢిల్లీలోని ఐజీఐబీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల పని అనీ, సీరమ్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని ముందుకు తీసుకెళ్తుందనీ టీవీల్లో చెప్పారు. బిర్సా ముండా పేరు పెట్టడం కూడా నాకు నచ్చింది. కానీ ఆ వార్త వాట్సాప్‌లోకి దిగేసరికి "సికిల్ సెల్‌కి మందు వచ్చేసింది, ఒక్క ఇంజెక్షన్ చాలు" అయిపోయింది.

నాది శృంగవరపుకోటలో మందుల షాపు. అరకు, అనంతగిరి వైపు నుంచి ఘాట్ దిగినవాళ్ళు విశాఖ పెద్దాసుపత్రికి పోతూనో, తిరిగొస్తూనో మా దగ్గర ఆగుతుంటారు. ఆ వార్త తర్వాత ఫోన్ చూపించి "ఇది మీ కాడ దొరుకుద్దా బాబూ, ఎంతవుద్ది?" అని అడిగినవాళ్ళు చాలామంది. ఒకావిడ చంకలో నెలల పిల్ల కూడా ఉంది. ఆ పిల్లకి వ్యాధి ఉందో లేదో ఇంకా తెలీదట. పెద్దకొడుక్కి ఉంది కాబట్టి ముందుజాగ్రత్తగా అడుగుతోంది. పరీక్ష చేయించారా అంటే, "చిన్నపిల్ల కదా, కొంచెం పెద్దయ్యాక తెమ్మన్నారు" అంది. ఎవరు అన్నారో అడగలేదు. నా బాధంతా ఆ మాట గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధితో పుట్టిన బిడ్డకి ఇవాళ మనం చెయ్యగలిగిన వైద్యాల్లో అన్నిటికన్నా పెద్దది, ఆ సంగతి పుట్టిన కొద్ది రోజుల్లోనే తెలుసుకోవడం, తెలిసినదాన్ని తల్లికి అర్థమయ్యేలా చెప్పడం. పెన్సిలిన్, టీకాలు, హైడ్రాక్సీయూరియా, రక్తం ఎక్కించడం, మూలుగ మార్పిడి, రేపెప్పుడో జన్యు చికిత్స, ఇవన్నీ దాని తర్వాతే వస్తాయి. మనం ఈ వరసని తిరగేశాం. చిట్టచివర ఉన్నదాని గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటూ, మొదట చెయ్యాల్సింది గాలికొదిలేశాం.

పన్నెండేళ్ళు నిండాక

జన్యు చికిత్సని తక్కువ చేసి మాట్లాడటం లేదు. క్రిస్పర్ అనే జన్యు కత్తెరకి నోబెల్ వచ్చింది 2020లో. మూడేళ్ళు తిరిగేసరికి, 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా ఆ కత్తెరతో చేసే సికిల్ సెల్ చికిత్స క్యాస్‌జెవీకి అనుమతిచ్చేశాయి. ఏళ్ళ తరబడి నొప్పులతో ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్ళు ఆ చికిత్స తర్వాత నొప్పి లేకుండా బతుకుతున్నారు. అది చిన్న విషయం కాదు.

కానీ అది సీసాలో వచ్చే మందు కాదు. రోగి ఒంట్లోంచి రక్తపు మూలకణాలు తీస్తారు. ల్యాబులో వాటి డీఎన్‌ఏని సవరిస్తారు. అవి సిద్ధమయ్యాక గట్టి కీమోథెరపీ మందు ఇచ్చి పాత మూలుగని ఖాళీ చేస్తారు. అప్పుడు సవరించిన కణాలు ఎక్కిస్తారు. అవి కుదురుకునేదాకా, ఏ ఇన్‌ఫెక్షనూ అంటకుండా వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉండాలి. ఆ కీమో వల్ల తర్వాత సంతానం కలక్కపోయే ప్రమాదం ఉంది. 2023లో అనుమతి ఇచ్చింది 12 ఏళ్ళు నిండినవాళ్ళకి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. అయిదు నుంచి పదకొండేళ్ళ పిల్లల మీద పరీక్షలు జరుగుతున్నాయి, అవి బాగానే ఉంటాయని ఆశ పడదాం. మనవాళ్ళు చేసేది ఇంతకన్నా ఎంతో చవగ్గా వస్తుందని కూడా ఆశ పడదాం. అయినా చంకలో ఉన్న నెలల పిల్లకి అది ఇవాళ్టి సంగతి కాదు.

పన్నెండేళ్ళు నిండినవాళ్ళకి ఏదో వస్తోంది సరే, పన్నెండేళ్ళు నిండాలంటే ముందు మొదటి అయిదేళ్ళు దాటాలి కదా? సికిల్ సెల్ పిల్లలు ఎక్కువగా పోయేది ఆ అయిదేళ్ళలోనే. అదీ వ్యాధి పేరు పెట్టకముందే పోతారు. జ్వరం వచ్చి పోయింది, ఉన్నట్టుండి పాలిపోయి పోయింది అంటారు. ఏ లెక్కలోకీ రారు.

ఆరు నెలల గడువు

ఈ వ్యాధితో పుట్టిన బిడ్డ పుట్టగానే జబ్బుపిల్లలా కనిపించదు. బరువు బాగుంటుంది, పాలు తాగుతుంది, నవ్వుతుంది. 1948లో బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు దీన్ని గమనించి, పసిపిల్లల రక్తంలో ఎక్కువగా ఉండే వేరే రకం హిమోగ్లోబిన్ వాళ్ళని కాపాడుతూ ఉండాలని చెప్పింది. ఆవిడ చెప్పిందే నిజమైంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారయ్యే ఆ పిండ హిమోగ్లోబిన్ కణాలని కొడవలిలా వంగనివ్వదు. పుట్టాక కొన్ని నెలలకి దాని తయారీ తగ్గి, పెద్దవాళ్ళ రకం మొదలవుతుంది. తప్పు ఉన్నది ఆ రెండోదాంట్లో. అందుకే ఆరో నెల అటూ ఇటూగా మొదటి లక్షణాలు బయటపడతాయి.

తమాషా ఏమిటంటే, క్యాస్‌జెవీ చేసే పని కూడా ఆ పిండ హిమోగ్లోబిన్‌ని మళ్ళీ నిద్ర లేపడమే. దాన్ని ఆపేసే స్విచ్చు ఒకటుంది, ఆ స్విచ్చుని కత్తిరిస్తారు. కోట్లు పోసి పన్నెండేళ్ళవాడిలో తిరిగి పుట్టించాలని చూసేది, పుట్టిన ప్రతి బిడ్డలోనూ ఊరికే ఉంది. ఆ కొన్ని నెలలూ మనకి ప్రకృతి ఇచ్చిన గడువు. ఆ గడువులో మనం చేసేది బారసాల, అన్నప్రాశన. అవీ చెయ్యాలి, కాదనను. ఈలోగా ఒక చుక్క రక్తం చూడటానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు.

మొదటి లక్షణం చాలామందిలో చేతులూ కాళ్ళూ వాయడం. బిడ్డ చేతి వేళ్ళు ఉబ్బి, ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుస్తుంది. మా వైపు "చెయ్యి బెణికింది" అని నూనె పెట్టి తోమేవాళ్ళు ఉన్నారు. గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్ళూ ఉన్నారు. తప్పు వాళ్ళది మాత్రమే అనుకోనక్కర్లేదు. 1964లో ఫిలడెల్ఫియాలో మెరిలిన్ గాస్టన్ అనే యువ డాక్టరు హౌస్ సర్జన్సీలో ఉండగా, చెయ్యి వాచిన పసిబిడ్డని తీసుకొచ్చారు. దెబ్బ తగిలిన గుర్తులేవీ లేవు. సికిల్ సెల్ ఏమో చూడమని పైడాక్టరు చెప్పేదాకా ఆవిడకి తట్టలేదు. చూస్తే అదే. ఆవిడ తర్వాత జీవితమంతా ఈ వ్యాధి మీదే పనిచేసింది.

1986లో గాస్టన్ బృందం ప్రచురించిన పరీక్ష ఈ కథకి మలుపు. మూడు నెలల నుంచి మూడేళ్ళ వయసున్న 215 మంది సికిల్ సెల్ పిల్లలని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి రోజుకి రెండుసార్లు పెన్సిలిన్ మాత్ర, రెండో జట్టుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. పెన్సిలిన్ వేసుకున్నవాళ్ళలో ప్రాణాంతకమైన న్యూమోకాకస్ బాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర జట్టులో ముగ్గురు పిల్లలు ఇన్‌ఫెక్షన్‌తో పోయారు, పెన్సిలిన్ జట్టులో ఒక్కరూ పోలేదు. ఇక కొనసాగించడం అన్యాయమని పరీక్షని ఎనిమిది నెలలు ముందే ఆపేశారు. మరుసటేడాదే అమెరికాలో నిపుణులు కూర్చుని, పుట్టిన ప్రతి బిడ్డకీ సికిల్ సెల్ రక్తపరీక్ష చెయ్యాలన్నారు. అన్ని రాష్ట్రాల్లోనూ అమలయ్యేసరికి 2006 వచ్చింది. డబ్బున్న దేశానికే ఇరవై ఏళ్ళు పట్టింది, సరే. కానీ మొత్తం కథలో వాడిన మందు పెన్సిలిన్. ఇంతకన్నా పాత, చవక మందు నా షాపులో ఉండదు.

నిజానికి ఉండటం లేదు కూడా. పిల్లలకి ఇచ్చే పెన్సిలిన్ వీ మాత్రలు కావాలని మా హోల్‌సేలర్‌ని అడిగితే "అవెవరు కొంటారు సార్, మార్జిన్ లేదు" అన్నాడు. చవక మందుకి ఉన్న పెద్ద జబ్బు అదే, చవక కావడం.

జమైకా అమ్మల చెయ్యి

మందు కూడా అక్కర్లేని వైద్యం ఒకటుంది. అది జమైకాలో మొదలైంది. 1973 నుంచి కింగ్‌స్టన్‌లోని ప్రసూతి ఆసుపత్రిలో లక్ష కాన్పుల దాకా పుట్టిన పిల్లల రక్తం పరీక్షించి, వ్యాధి ఉన్న మూడు వందల పైచిలుకు పిల్లలని గ్రాహమ్ సార్జంట్ బృందం ఏళ్ళ తరబడి వెంటాడి చూసింది. వాళ్ళు గమనించిందేమిటంటే, కొందరు పిల్లల్లో ఉన్నట్టుండి ప్లీహం రక్తాన్నంతా తనలోకి లాగేసుకుని ఉబ్బిపోతుంది. మన పెద్దవాళ్ళు "కడుపులో బల్ల పెరిగింది" అనేది ఈ ప్లీహం వాపునే. గంటల్లో పిల్ల పాలిపోయి చనిపోతుంది. వెంటనే రక్తం ఎక్కిస్తే బతుకుతుంది.

వాళ్ళు చేసిందల్లా తల్లులకి నేర్పడం. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ డొక్క కింద వేళ్ళతో మెల్లగా తడిమి చూడాలి. మామూలప్పుడు ఎంత తగులుతుందో గుర్తు పెట్టుకోవాలి. ఎక్కువ తగిలినా, బిడ్డ పాలిపోయినా, నీరసపడ్డా ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి రావాలి. నేర్పకముందు ఇలాంటి ప్రతి వంద సందర్భాల్లో 29 చావులు. నేర్పాక 3. తల్లులు ముందే పట్టుకోవడంతో నమోదైన కేసులు పెరిగాయి, చావులు తగ్గాయి.

నాకు ఈ మొత్తం సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. అయితే ఒక మెలిక ఉంది. తన బిడ్డ డొక్క రోజూ తడిమి చూడాలని తల్లికి తెలియాలంటే, బిడ్డకి వ్యాధి ఉందని ముందు తెలియాలి. పైగా మా ఏజెన్సీలో మలేరియాకి కూడా బల్ల పెరుగుతుంది. తెలియనివాళ్ళు మలేరియా అనుకుని ఊరుకుంటారు. తెలిసినవాళ్ళకి కూడా డోలీ మోత, జీపు, ఘాట్ రోడ్డు, ఆ తర్వాత రక్తం దొరకడం ఉన్నాయి. కింగ్‌స్టన్‌లో అయినంత సులువుగా ఇక్కడ అవ్వదు. ఆ తేడాని దాచిపెట్టి జమైకా పాఠం చెప్పడం నాకిష్టం లేదు.

గీతలు కనబడితే నెగెటివ్

"ఇప్పుడు క్యాంపులు పెడుతున్నారు కదా" అని మీరనొచ్చు. పెడుతున్నారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని జాతీయ సికిల్ సెల్ మిషన్ ప్రారంభించారు. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 కల్లా వ్యాధి నిర్మూలన అన్నారు. అంత పెద్ద ఎత్తున ఎవరూ ఇంతకుముందు తలపెట్టలేదు. మెచ్చుకోవాల్సిందే.

నేను చూసిన క్యాంపు ఒక ఆశ్రమ పాఠశాలలో జరిగింది. టెక్నీషియన్ వేలి నుంచి రక్తం తీసి చిన్న గాజు గొట్టంలోని ద్రావణంలో కలిపి, నల్లగీతలున్న అట్టముక్క ముందు పట్టుకున్నాడు. గీతలు గొట్టంలోంచి కనబడితే నెగెటివ్. ద్రావణం మసకబారి గీతలు కనబడకపోతే అనుమానం ఉన్నట్టు, రక్తం పెద్ద ల్యాబుకి పంపాలి. అయిదు నిమిషాల పని, ఖర్చు తక్కువ. బడిపిల్లలకి బాగా పనికొస్తుంది.

పసిబిడ్డకి పనికిరాదు. ఇందాక చెప్పిన పిండ హిమోగ్లోబినే దీనికీ కారణం. పుట్టిన బిడ్డ రక్తంలో ఎక్కువ భాగం అదే కాబట్టి, వ్యాధి ఉన్నా ద్రావణం మసకబారదు, గీతలు చక్కగా కనబడతాయి. వ్యాధి ఉన్న బిడ్డని "లేదు" అని ఇంటికి పంపించేస్తాం. మా షాపుకొచ్చిన ఆవిడకి "పెద్దయ్యాక తెమ్మన్నారు" అని చెప్పినవాళ్ళు ఈ పరీక్ష గురించే చెప్పి ఉంటే, ఆ మాటవరకూ నిజమే. కానీ పసిబిడ్డలకి వేరే పరీక్షలున్నాయి. మడమ మీద చిన్న సూదిపోటు పొడిచి, రెండు మూడు చుక్కలు ఫిల్టర్ పేపరు మీద ఆరబెట్టి ల్యాబుకి పంపితే, అక్కడ హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో తేలుతుంది. ఆరిన కాగితానికి ఫ్రిజ్ అక్కర్లేదు, కవర్లో పెట్టి పంపొచ్చు. అక్కడికక్కడే తేల్చే స్ట్రిప్ పరీక్షలూ వచ్చాయి, అవి పసిపిల్లల రక్తంలో కూడా పనిచేస్తాయి. కాబట్టి "పెద్దయ్యాక తీసుకురా" అన్న మాటకి ఇక సాకు లేదు.

ఆ కాగితం మీది చుక్కతో ఇంకొన్ని కూడా చూడొచ్చు. మా బంధువుల్లో ఒకరింట్లో మగపిల్లాడు పుట్టాడు. మనలో పుట్టిన బిడ్డకి ముందు పాతబట్టలు వేస్తాం కదా, పెద్దాడి చిన్నప్పటి చొక్కాలు పెట్టెలోంచి తీసి వేశారు. నాలుగో రోజుకి పిల్లాడు పసుపు రంగుకి తిరిగాడు. పుట్టిన పిల్లలకి కొంచెం కామెర్లు మామూలే అని ఒక రోజు ఆగారు. మర్నాటికి అరికాళ్ళు కూడా పచ్చగా ఉన్నాయి, పాలు పట్టుకోవడం లేదు. ఆసుపత్రిలో లైటు కింద పెట్టాక డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "బట్టల పెట్టెలో కలరా ఉండలు వేస్తారా?" ఇంట్లోవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. వేస్తారు మరి, ఎవరు వెయ్యరు? ఆ పిల్లాడికి జీ6పీడీ లోపం, అంటే ఎర్రకణాలని కాపాడే ఒక ఎంజైము తక్కువ. తల్లి వైపు నుంచి వచ్చే తేడా, ఎక్కువగా మగపిల్లల్లోనే బయటపడుతుంది. కలరా ఉండల వాసన లాంటివి తగిలితే ఎర్రకణాలు పగిలిపోతాయి. ముదిరితే ఆ కామెర్లు మెదడుని దెబ్బతీస్తాయి. దీనికి చెయ్యాల్సిన వైద్యం చాలామటుకు "ఇవి దగ్గరికి రానివ్వకండి" అని ఒక చీటీ రాసివ్వడమే. మలేరియాకిచ్చే ప్రైమాక్విన్ కూడా ఆ చీటీలో ఉంటుంది. అంటే మా ఏజెన్సీలో ఆ చీటీ విలువ ఇంకా ఎక్కువ. కేరళలో ప్రభుత్వమే పుట్టిన పిల్లలకి చేయించే పరీక్షల్లో జీ6పీడీ కూడా ఉంది.

"మా వంశంలో లేదు"

ఇంతవరకూ రాసింది చదివితే నాకే అంతా సులువనిపిస్తోంది. కాదు. నన్ను బాగా ఇబ్బంది పెట్టే అభ్యంతరాలు రెండున్నాయి.

మొదటిది, మన దగ్గర ఈ వ్యాధి ఆఫ్రికా సంతతి వాళ్ళలో ఉన్నంత తీవ్రంగా ఉండదన్న వాదన. ఇది గాలి కబురు కాదు. జమైకాలో పనిచేసిన ఆ సార్జంట్ గారే ఒడిశా డాక్టర్లతో కలిసి చూసి, 1986లో ఆ సంగతి ప్రచురించారు. మనవాళ్ళలో పిండ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువే మిగులుతుంది, అందుకని వ్యాధి కొంత మెత్తగా నడుస్తుంది. అలాంటప్పుడు అమెరికా లెక్కలు చూసి పసిపిల్లలందరికీ రోజూ పెన్సిలిన్ వెయ్యడం అవసరమా అని అడిగే డాక్టర్లున్నారు. అడగడం న్యాయమే. పైగా న్యూమోకాకస్ టీకా 2021 నుంచి దేశమంతా పిల్లలందరికీ వేస్తున్నారు. పెన్సిలిన్ ఎవరికి ఎంతకాలం అన్నది డాక్టర్లు తేల్చుకోవాలి. కానీ సగటున మెత్తగా ఉంటుందంటే, ఈ పిల్లకి మెత్తగా ఉంటుందని కాదు. నాగపూర్ వైపు తీవ్రంగా ఉన్నవాళ్ళు ఎందరో ఉన్నారు. మన పిల్లల్లో ప్లీహం ఎక్కువ ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉంటుంది, దానితో బల్ల ఉబ్బే ప్రమాదం కూడా పెద్దవయసు దాకా సాగుతుంది. పెన్సిలిన్ మీద తగువు ఎటు తేలినా తల్లి డొక్క తడిమి చూడటం మీద తగువు లేదు.

రెండో అభ్యంతరం మందులది కాదు, మనుషులది. ఒక కుటుంబం నాకు బాగా తెలుసు, వివరాలు చెప్పను. బిడ్డకి సికిల్ సెల్ అని తేలిన వారంలో అత్తగారు షాపు మెట్ల మీద కూర్చుని "మా వంశంలో ఇలాంటిది లేదు బాబూ, ఆ పిల్ల పుట్టింటి నుంచి తెచ్చింది" అంది. పక్కనే కొడుకు. "అమ్మా, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు వస్తుంది, ఇద్దరిలోనూ ఉంటేనే" అన్నాను. ఆవిడ కొడుకు వంక చూసింది. అతను చెప్పుల వంక చూశాడు. తర్వాత కొన్నాళ్ళు మందులకి అతనే వచ్చాడు, తర్వాత రావడం మానేశాడు. ఆ కోడలు ఎక్కడుందో నాకు తెలీదు.

పైకి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి జబ్బు అంటగట్టి, బాలింత నెత్తిన నింద పెట్టించే పరీక్ష ఎందుకు అని ఎవరైనా అడిగితే, ఆ కోడలు గుర్తొచ్చి నేను కాసేపు నోరు మెదపలేను. నా దగ్గర ఉన్న సమాధానం ఒకటే. చెప్పకపోతే నింద ఆగదు, వాయిదా పడుతుంది. బిడ్డ పోయాక "నష్టజాతకురాలు" అనేది కూడా తల్లినే. అయితే చెప్పేటప్పుడు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, ఇద్దరి రక్తమూ పరీక్షించి, రెండు కాగితాలూ ఒకేసారి చేతిలో పెట్టాలి. ఒక్క తల్లిని పక్కకి పిలిచి చెప్పి పంపించే పద్ధతి ఘోరం.

మిషన్‌లో పెళ్ళికాని యువతీయువకులకి కార్డులిచ్చి, పెళ్ళికి ముందు సరిచూసుకోమని చెప్పే భాగానికి ఎక్కువ ప్రచారం వస్తోంది. ఇలాగే వంశపారంపర్యంగా వచ్చే ఇంకో రక్తవ్యాధి తలసేమియా విషయంలో సైప్రస్ అదే చేసింది. చర్చిలో పెళ్ళి జరగాలంటే పరీక్ష చేయించుకున్నట్టు సర్టిఫికెట్ ఉండాలన్నారు, వ్యాధితో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. మేనరికాలు ఇంకా నడుస్తున్న మన జిల్లాల్లో అలాంటి పరీక్ష అక్కర్లేదని నేను అనను, మైదానంలో మరీ అవసరం. నా పేచీ ఎక్కడంటే, కుర్రాళ్ళు కార్డులు చూసుకుని పెళ్ళి చేసుకుంటారని నమ్మడం కన్నా, పుట్టిన బిడ్డ మడమ చూడటం సులువు. ఆ బిడ్డ రిపోర్టే తల్లిదండ్రుల సంగతి కూడా చెప్పేస్తుంది, అదీ రెండో కాన్పుకి ముందే.

ఆ చెప్పడం కూడా సరిగ్గా చెప్పాలి. "నలుగురిలో ఒకరికి వస్తుందన్నారు, మాకు మొదటిదానికే వచ్చేసింది, ఇక ముగ్గురికి భయం లేదు" అని ధైర్యంగా చెప్పిన తండ్రిని చూశాను. ప్రతి కాన్పుకీ మళ్ళీ నాలుగింట ఒక వంతు అని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, అర్థమయ్యేలా చెప్పలేదు.

తలసేమియాలో తీవ్రమైన రకం, తలసేమియా మేజర్ ఉన్న బిడ్డ విషయంలో తొందరగా తెలియడానికి ఇంకో విలువ ఉంది. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తూ ఉంటే ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. గుండె, కాలేయం దెబ్బతినకముందే, తోబుట్టువు మూలుగ సరిపోతే చిన్నవయసులో మార్పిడి చేయిస్తే ఫలితం బాగుంటుంది. తోబుట్టువుది సరిపోయే అవకాశం కూడా నాలుగింట ఒకటే. హైదరాబాద్‌లో 1998 నుంచి పనిచేస్తున్న తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ లాంటివి లేకపోతే రక్తం కోసమే సగం కుటుంబాలు చితికిపోయేవి.

కాప్స్యూల్‌లో మూడో వంతు

తెలిశాక ఏమవుతుందో నా కౌంటర్ దగ్గర చూస్తూనే ఉంటాను. హైడ్రాక్సీయూరియా మంచి మందు. పిండ హిమోగ్లోబిన్‌ని కొంచెం పెంచుతుంది. 2011లో ఫలితాలు వచ్చిన బేబీ హగ్ అనే పరీక్షలో 9 నుంచి 18 నెలల పిల్లలకి ఇచ్చి చూస్తే నొప్పులు, చేతుల వాపులు బాగా తగ్గాయి. మన దగ్గర దొరికేది 500 మిల్లీగ్రాముల కాప్స్యూల్. తొమ్మిది కిలోల పిల్లకి డాక్టరు రాసేది అందులో మూడో వంతు కూడా ఉండదు. సిరప్ వచ్చిందంటున్నారు, మా వైపు షాపుల్లోకి ఇంకా రాలేదు.

ఒక తండ్రికి కౌంటర్ మీదే చూపించాను. చేతికి గ్లౌజు వేసుకుని, కాప్స్యూల్ విప్పి పొడి చిన్న గ్లాసులో వేసి, సిరంజితో కొలిచి పది మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి, కాసేపు తిప్పి, డాక్టరు చీటీ ప్రకారం ఎన్ని మిల్లీలీటర్లో అంత లాగి, మిగిలింది పారెయ్యమన్నాను. అతను రెండుసార్లు చేసి చూపించాడు, చెయ్యి నాకన్నా నిదానంగా ఉంది. "మిగిలింది పారెయ్యడం ఎందుకు, రేపటికుంచుతాను" అన్నాడు. అతనికి ఆ కాప్స్యూల్ ఖరీదు ఎక్కువ, నాకు తెలుసు. నెలకోసారి రక్తపరీక్ష చేయించాలని కూడా చెప్పాను. దానికి కొండ దిగాలి, ఒక రోజు కూలి పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో సికిల్ సెల్, తలసేమియా, తీవ్రమైన హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) ఉన్నవాళ్ళకి నెలకి 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ మూడింటినీ చేర్చడం మరో మేలు. పింఛను వస్తుందని విని పరీక్షకి వచ్చినవాళ్ళు నాకు తెలుసు. దాన్ని వెక్కిరించేవాళ్ళున్నారు, నేను వెక్కిరించను. ఏ కారణంతో వచ్చినా రక్తం ఇచ్చారు, వ్యాధి తేలింది, మందు మొదలైంది. చుక్క రక్తం తియ్యడం కన్నా, తీశాక ఆ కుటుంబాన్ని పట్టుకుని ఉండటమే కష్టమని ఈ పింఛను బాగా చూపించింది.

ఇది ఎవరు చెయ్యాలి? కొత్త శాఖ అక్కర్లేదు. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డని చూడటానికి ఆశా వర్కరు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వెళ్ళాలని నియమం ఎప్పటి నుంచో ఉంది. కాన్పు జరిగిన చోటే మడమ చుక్క తీసేస్తే, నెలన్నర టీకాకి తల్లి వచ్చేసరికి రిపోర్టు సిద్ధంగా ఉంచొచ్చు. పెన్సిలిన్ మొదలుపెట్టాల్సింది రెండు నెలల లోపు. సరిగ్గా సరిపోతుంది. టీకా రోజున తండ్రి కూడా రావాలని ముందే చెప్పించొచ్చు.

ఈ మాట మా షాపుకొచ్చే ఒక ఆశా వర్కరుతో అంటే ఆవిడ నవ్వింది. "పిల్లని చూడ్డానికి ఎలాగూ పోతాం సార్. ఆరుసార్లు పోతే రెండొందల యాభై ఇస్తారు, అదీ ఆర్నెల్లకొస్తుంది. మీరు చెప్పింది మంచిదే గానీ, ఇప్పుడున్న రిజిస్టర్లలో ఏదో ఒకటి తీసేసి ఇది పెట్టమనండి, చేస్తాం. ఇంకోటి కలిపితే మాత్రం సంతకాలే మిగుల్తాయి" అని, ఓఆర్ఎస్ ప్యాకెట్లు లెక్కపెట్టుకుని సంచీలో వేసుకుంది.